పోటుకి ఆదివారం తెలియదు

శనివారం సాయంత్రమైతే నాగాయలంక వైపు పీతలు కొనే షెడ్ల దగ్గర సందడి పెరుగుతుంది. మడల్లో పట్టిన పీతల్ని డెక్కలు కట్టేసి, తడి గోనెసంచి కప్పి తెస్తాం. మండపీత నీళ్లలో లేకపోయినా ఒళ్లు తడిగా ఉంటే రెండు మూడు రోజులు బతుకుతుంది. ఆ ప్రాణానికే ధర. చచ్చిన పీతకి పైసా రాదు. షెడ్డులో ఒక్కోదాన్నీ బొటనవేలితో నొక్కి చూస్తారు. కొత్తగా పెంకు మార్చుకున్నదైతే లోపల కండ ఉండదు, నీళ్లే ఉంటాయి. దాన్ని పక్కకి తోసేస్తారు. పెద్దవి, రెండు డెక్కలూ సరిగ్గా ఉన్నవి మద్రాసు బండి ఎక్కుతాయి. అక్కణ్నుంచి విమానంలో సింగపూరు దాకా వెళ్తాయి. డెక్క విరిగినవీ, బరువు తగ్గినవీ బెజవాడకీ హైదరాబాదుకీ పోతాయి. "రేపు ఆదివారం కదా, సిటీలో ఫుల్లు గిరాకీ" అంటాడు కాటా దగ్గర కుర్రాడు. ఆ గిరాకీ మా చేతికొచ్చే డబ్బుల్లో ఏ మూల ఉందో ఇన్నేళ్లుగా మాకు కనిపించలేదు.

మేం యానాదులం. దివిసీమలో కాలువ కట్టల మీదా, కరకట్ట వాలులోనూ, మడ అడవుల అంచునా బతికేవాళ్లం. పీతలు, చేపలు, పొలాల్లో ఎలుకలు మా పని. 'వీకెండ్' అనే మాట మా గుడిసెల్లోకి పిల్లలతో వచ్చింది. వాళ్లు బడి నుంచి, హాస్టలు నుంచి దాన్ని పట్టుకొచ్చారు. మా పెద్దవాళ్లకి వారం అంటే సంత. అంతకు మించి ఏడు రోజుల్లో ఒక రోజు ఎక్కువా ఇంకో రోజు తక్కువా అన్న లెక్క లేదు.

ఆదివారం సెలవు ఎవరూ ఊరికే ఇచ్చింది కాదని తర్వాత చదువుకున్నాం. బొంబాయి బట్టల మిల్లుల్లో కూలీలు వారమంతా పనిచేసేవాళ్లు. నారాయణ్ మేఘాజీ లోఖండే అనే ఆయన వాళ్లని కూడగట్టి ఏళ్ల తరబడి అడిగితే 1890లో ఆదివారం సెలవు వచ్చింది. మిల్లు కూలీకి అడగడానికి యజమాని అనే మనిషి ఒకడు ఉన్నాడు. మాకు పని చెప్పేది పోటూ పాటూ. అది రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా జరుగుతూ పోతుంది. ఈ ఆదివారం పొద్దున తొమ్మిదింటికి నీళ్లు తీసి బురద బయటపడి, పీత బొరియలు కనపడుతున్నాయనుకోండి. వచ్చే ఆదివారం అదే తొమ్మిదింటికి నీళ్లు నిండుగా ఉంటాయి. ఒక ఆదివారం సెలవు దొరుకుతుంది, ఇంకో ఆదివారం దొరకదు. పొలం పనీ అంతే. వరి పొట్టకొచ్చే వేళకి "బుట్టలు పెట్టండ్రా, చేను కొట్టేస్తున్నాయి" అని రైతు కబురు పెడతాడు. ఎలుక వారం చూసుకుని చేను కొట్టదు. ఒక్కో ఎలుకకి ఇంతని లెక్క. తోకలు లెక్కపెట్టి ఇచ్చే రైతులూ ఉన్నారు, మా మాట నమ్మి ఇచ్చేవాళ్లూ ఉన్నారు.

సరే, పని సంగతి అలా ఉంచుదాం. ఈ వ్యాసం తిండి గురించి, సరదా గురించి. పట్నం వాళ్లు "ఈ ఆదివారం బయట తిందాం" అంటారు. ఈ 'బయట' అన్న మాట దగ్గర మేం కాసేపు ఆగాలి.

ఎడ్గార్ థర్‌స్టన్ అనే దొర దక్షిణాది కులాలూ తెగల గురించి ఏడు సంపుటాలు రాశాడు. 1909లో అచ్చయ్యాయి. అందులో మా మీద పెద్ద భాగమే ఉంది. అందులో మమ్మల్ని ఇలా విడగొట్టారు: రెడ్ల ఇళ్లలో పనిచేసేవాళ్లు రెడ్డి యానాదులు, వాళ్లే మంచి యానాదులు. అడవిలో ఉండేవాళ్లు అడవి యానాదులు. కప్పలు తినేవాళ్లు కప్పల యానాదులు. ఊళ్లవాళ్ల ఎంగిలి తినేవాళ్లు చల్లా యానాదులు. ఈ పేర్లు దొర పుట్టించినవి కావు. ఊళ్లలో ఉన్నవాటిని ఆయన పుస్తకంలో ఎక్కించాడు. ఒక మనిషి ఏం తింటాడో, ఎక్కడ కూర్చుని తింటాడో దాన్ని బట్టి జాతికి పేరు పెట్టడం మా విషయంలోనే జరిగింది. పప్పు వారనీ నెయ్యి వారనీ ఎవరికీ కులం పేరు రాయలేదు.

ఆ చల్లా అన్న మాట మా ముసలమ్మలకి పుస్తకంలో చదివితే తెలిసింది కాదు. వాళ్ల చిన్నప్పుడు పెద్దవాళ్ల ఇళ్లలో పెళ్లయితే భోజనాల పందిరి ముందు వైపు ఉండేది. వీళ్లు దొడ్డి వైపు కూర్చునేవాళ్లు. బంతి లేచాక విస్తళ్లు మడిచి గోడ అవతలికి విసిరేవాళ్లు. కుక్కల్ని అదిలించి, విస్తళ్లు విప్పి, పులిహోర ఒక తట్టలోకీ గారె ముక్కలు ఇంకో తట్టలోకీ ఏరేవాళ్లు. ఇంటికొచ్చాక వేడి చేసుకుని పిల్లలకి పెట్టేవాళ్లు. "అప్పుడు తిన్న బూరెలంత బావున్న బూరెలు మళ్లీ తిన్లేదే" అంటుంది మా మామ్మ. అందులో ఆమెకి సిగ్గు కనపడదు, ఆకలి గుర్తుంది. సిగ్గు మాకు ఉంది, చదువుకున్నందుకు. మొత్తం మీద మేం తరతరాలుగా బయటే తిన్నాం. పందిరి బయట, గోడ బయట.

ఆ లెక్కలో మాకు మొదట కలిసొచ్చిన సరదా సినిమా. అది గుడివాడలో. మాలో కొందరం అక్కడ హాస్టల్లో ఉండి చదువుకున్నాం. అక్కినేని నాగేశ్వరరావు పుట్టిన రామాపురం, ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు, ఘంటసాల పుట్టిన చౌటపల్లి, అన్నీ ఆ చుట్టుపక్కలవే. సినిమా అంటే ఆ ఊరివాళ్లకి మేనమామ ఇల్లు. ఆదివారం మధ్యాహ్నం హాస్టలు గోడ దూకి, తెర ముందు బెంచీల టికెట్టు కొని కూర్చునేవాళ్లం. మెడలు నొప్పి పుట్టేవి. అయినా హాల్లో లైట్లు ఆరాక ఎవరు ఏ కులమో ఎవరికీ పట్టదు. ఇంటర్వెల్లో సమోసా అమ్మే కుర్రాడు పొట్లం మా చేతుల్లోకే ఇచ్చేవాడు, దూరం నుంచి వదిలేవాడు కాదు. అది చిన్న విషయమే. కానీ హాస్టల్లో మా పక్కన కంచం పెట్టుకోవడానికి ఇష్టపడని వాళ్లు ఉండేవాళ్లు. "మీ ఇంట్లో ఎలకలు కాల్చుకు తింటారంటగా" అని అడిగేవాళ్లు. మేం అబద్ధం చెప్పేవాళ్లం. చేలో వరి కంకులు తిని బలిసిన ఎలుకని నిప్పుల మీద కాల్చి, ఉప్పూ కారం రాస్తే దాని రుచేంటో వాళ్లకి చెప్పే ధైర్యం ఆ వయసులో లేదు. కలుగు తవ్వితే ఎలుక దాచుకున్న కంకులు దొరికేవి. దంచితే ఒక పూటకి అన్నం. కూరా అన్నం ఒకే బొరియలోంచి వచ్చేది. ఇప్పుడైతే చెబుతాం.

బందరు సంగతి వేరు. బందరంటే మాకు ఆసుపత్రి, కలెక్టరాఫీసు. పని తెమిలితే పిల్లలకి ఒక లడ్డు. బందరు లడ్డుకి 2017లో భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. శనగపిండితో సన్నటి పూస దూసి, దాన్ని రోట్లో దంచి, బెల్లం పాకంలో కలిపి నేతితో ఉండ కడతారు. అందుకే తొక్కుడు లడ్డు అంటారు. పాతిక గ్రాములు కొని నలుగురికి తుంచి పెట్టిన రోజులున్నాయి. కొట్టాయన నవ్వేవాడు గానీ తూచేవాడు.

ఆదివారం మంగినపూడి బీచికి బందరు, గుడివాడ, బెజవాడల నుంచి కార్లూ ఆటోలూ వస్తాయి. అక్కడి ఇసక నల్లగా, బురద కలిసి ఉంటుంది. లోతు తక్కువ కాబట్టి జనం చాలా దూరం నడుచుకుంటూ వెళ్లి స్నానాలు చేస్తారు. కార్తీక పౌర్ణమికైతే చెప్పనక్కర్లేదు. దివిసీమలో హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసేచోటికీ అలాగే వస్తారు. కార్తీకంలో వనభోజనాలు. ఏ కులం వాళ్ల వనభోజనం వాళ్లది, ఫ్లెక్సీ కట్టి మరీ. ఉసిరిచెట్టు కింద తింటే పుణ్యమంటారు. మాకు ఏడాది పొడుగునా వనభోజనాలే, ఆ పుణ్యం ఎవరి ఖాతాలో పడుతోందో. వాళ్లు బస్సులెక్కి వెళ్లిపోయాక నీళ్ల సీసాలు ఏరి అమ్ముకునే పిల్లలు మావాళ్లే. అన్నం మాత్రం ఇప్పుడు ఏరడం లేదు. రేషను బియ్యం వచ్చాక ఆ ఒక్కటీ పోయింది.

ఇక బెజవాడ ప్రయాణం. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు. స్త్రీశక్తి పథకం. అది వచ్చాక మా ఆడవాళ్లలో మొదటిసారి ఆ మాట పుట్టింది: పని లేకుండా, జబ్బు లేకుండా, కాగితం పట్టుకోకుండా, ఊరికే చూసి రావడానికి బెజవాడ వెళ్దామని. దానికి తోడు మా ఆరో తరగతి పిల్లాడికి బళ్లో 'నేను ఆదివారం ఎలా గడిపాను' అని వ్యాసం ఇచ్చారు. వాడు ఖాళీ కాగితం ఇచ్చి వచ్చాడు. "నీ ఆదివారం పీతలకెళ్లావు కదరా, అది రాయొచ్చుగా" అంటే "అది గడపడం కాదు, పని" అన్నాడు. కోతలయ్యాక, చేతిలో నాలుగు డబ్బులున్నప్పుడు వెళ్దామనుకున్నాం. మగవాళ్లలో కొందరు ఒప్పుకోలేదు. ఆ డబ్బుతో పాక మీదకి టార్పాలిన్ పట్టా వస్తుందన్నారు, వల వస్తుందన్నారు. వాళ్ల మాటా అబద్ధం కాదు. కానీ మా సరదా దగ్గరకి వచ్చేసరికే టార్పాలిన్ లెక్క ఎందుకు వస్తుంది? ఊళ్లో రైతు తిరుపతి వెళ్తే, గుడివాడలో గుమస్తా సినిమాకెళ్తే ఎవరూ పట్టాల ఖరీదు కట్టరు.

మొత్తం పన్నెండు మందిమి తేలాం. అవనిగడ్డలో బస్సెక్కాం. ఆడవాళ్లు ఆధార్ కార్డులు చూపిస్తుంటే కండక్టరు సున్నా టికెట్లు కొట్టి ఇస్తున్నాడు. మామ్మ దగ్గరికి వచ్చేసరికి కార్డు లేదు. ఆమెకి ఆధార్ లేదు. ఆమెకే కాదు, మావాళ్లలో లేనివాళ్లు ఇంకా చాలామంది. పుట్టిన తేదీకి కాగితం లేదు, ఇంటికి నంబరు లేదు. కండక్టరు మంచివాడే. "నేనేం చెయ్యను మామ్మా, కార్డు ఉండాల్సిందే" అన్నాడు. అందరికంటే పెద్దావిడ, అందరికంటే బీదావిడ, బస్సులో మా ఆడవాళ్లలో డబ్బిచ్చి ప్రయాణం చేసింది ఆవిడొక్కతే. ఆవిడ మాత్రం కొంగున టికెట్టు ముడేసుకుని, "నాది ఉత్త ప్రయాణం కాదే" అని మిగతావాళ్లని ఆటపట్టించింది.

చల్లపల్లి, కూచిపూడి దాటి పామర్రు దగ్గర బందరు నుంచి హైదరాబాదు వెళ్లే పెద్ద రోడ్డు కలుస్తుంది. జాతీయ రహదారి 65. మహారాష్ట్రలో పూణె దగ్గర మొదలై మన బందరులో ఆగిపోతుంది. ఉయ్యూరులో చక్కెర ఫ్యాక్టరీ వాసన. బెజవాడలోకి వచ్చాక అదే రోడ్డు మహాత్మాగాంధీ రోడ్డు. జనం నోట్లో మాత్రం ఇప్పటికీ బందరు రోడ్డే. బట్టల షాపులు, బంగారం కొట్లు, మాల్, ఏసీ హోటళ్లు, అన్నీ దాని మీదే. రోడ్డుకి మా వైపు ఊరి పేరు. మేం మాత్రం అక్కడ దారి అడుగుతూ నడిచాం.

మొదట ప్రకాశం బ్యారేజీ దగ్గరికి వెళ్లాం. 1957లో కట్టింది. జనమంతా వీపులు నీళ్ల వైపు పెట్టి ఫొటోలు దిగుతున్నారు. మామ్మ మాత్రం నీళ్ల వైపే తిరిగి, మా కట్ట కిందికి వచ్చే నీళ్లు ఏ తూము లోంచి వస్తాయని అడిగింది. తూర్పు వైపు కాలువల్లోంచని చూపించాం. ఇక్కడ ఇన్ని నీళ్లుండి మా దగ్గరికి అంత ఆలస్యంగా, అంత మురికిగా ఎందుకొస్తాయంది. ఆమె ప్రశ్న ఇంజనీర్లని అడగాల్సింది. మాల్‌లో మెట్లు వాటంతటవే కదులుతుంటే పిల్లలు ఆరుసార్లు ఎక్కి దిగారు. ఆడవాళ్లు మొదట కొంగులు బిగించి పట్టుకున్నారు, తర్వాత వాళ్లూ ఎక్కారు. అక్కడ ఏమీ కొనలేదు. చల్లగాలికి డబ్బులు అడగరని తెలిసి గంటసేపు కూర్చున్నాం.

భోజనానికి బందరు రోడ్డు మీదే ఒక హోటలు. పేరెందుకులే. తలుపు దగ్గర యూనిఫాం వేసుకున్నాయన మా చెప్పుల్నీ సంచుల్నీ చూసి "ఎవరు కావాలి?" అన్నాడు. "భోజనం కావాలి" అన్నాం. లోపల ముందు వైపు బల్లలు ఖాళీగానే ఉన్నాయి. మమ్మల్ని చేతులు కడుక్కునే చోటు పక్కన కూర్చోబెట్టారు. నీళ్లు వచ్చేదాకా చాలాసేపు పట్టింది. మాకు కొత్త అనిపించలేదు, అందుకే మొదట ఎవరం ఏమీ అనలేదు. మాలో డిగ్రీ చదువుతున్న అమ్మాయి లేచి వెళ్లి, "ఆ కిటికీ పక్క బల్ల ఖాళీగా ఉందిగా, అక్కడ కూర్చుంటాం" అంది. కౌంటరు దగ్గరాయన ఆ బల్ల రిజర్వు అన్నాడు. "ఎవరి పేరు మీద?" అంది. ఆయన పుస్తకం చూసినట్టు చేసి, సరే వెళ్లండన్నాడు. కుర్చీలు కలిపి పన్నెండు మందిమీ కిటికీ దగ్గర కూర్చున్నాం. అంతే జరిగింది. గొడవేమీ కాలేదు. ఆ అమ్మాయి చెయ్యి మాత్రం చాలాసేపు వణికింది, నీళ్లగ్లాసు రెండు చేతులా పట్టుకుంది.

మెనూలో పీత బొమ్మ ఉంది. పిల్లలు దాన్ని చూసి గోల. ఆ గిన్నె ధర, షెడ్డులో చిన్న పీతలకి మాకు కిలోకి ఇచ్చే రేటు కంటే ఎక్కువ. అయినా ఒకటి చెప్పాం, చూద్దామని. వచ్చింది. గరిట పెట్టి తిప్పగానే మామ్మకి తెలిసిపోయింది, అది మడ పీత కాదు, సముద్రపు చుక్కల పీత. పెంకు పల్చన, కాళ్లలో కండ లేదు. మసాలాలో దాని మొహం కనపడకుండా చేశారు. మేం పట్టే పీత మాకు బెజవాడలో కూడా దొరకలేదు, అది విమానం ఎక్కేసింది కదా. బిర్యానీ మాత్రం బావుంది. ఉన్న మాట చెప్పాలి.

పక్క బల్ల దగ్గర ఎవరిదో పుట్టినరోజు. కేకు కోశారు, పాట పాడారు, ప్లేట్లలో సగం సగం వదిలేసి లేచారు. మా పిల్లాడు అది చూసి తన ప్లేటులో నాలుగు మెతుకులు పక్కకి జరిపాడు. "కొంచెం వదిలెయ్యాలి, అదే మర్యాదంట" అన్నాడు. మామ్మ వాడి చేతి మీద ఒక్కటిచ్చింది. తర్వాత ప్లేట్లు తీసే కుర్రాణ్ని పిలిచి అడిగింది, "అబ్బాయ్, అదంతా ఎక్కడ పోస్తారు?" "డ్రమ్ములో మామ్మా. పందులోళ్లు వచ్చి పట్టుకెళ్తారు" అన్నాడు. పందులు పెంచేవాళ్లంటే మా ఎరుకల వాళ్లే అయ్యుంటారనుకున్నాం. మా బల్ల మీద ఒక గిన్నెలో బిర్యానీ మిగిలింది. పార్శిల్ కట్టమని అడగాలా వద్దా అని మాలో మాకు వాదన. అడిగితే ఇంకా తక్కువగా చూస్తారని కొందరు. తిండి వదిలి లేవడమేంటని మామ్మ. ఈలోగా కారు తాళాలు తిప్పుకుంటూ ఇంకో బల్లాయన రెండు ముక్కల చికెన్ని దర్జాగా పార్శిల్ చెప్పాడు. మేమూ చెప్పాం. గుడిసెల దగ్గర రాని వాళ్లకి ఆ రాత్రి పంచాం. వద్దన్న మగవాళ్లే ముందు వచ్చి కూర్చున్నారు.

పిల్లాడు వ్యాసం మళ్లీ రాశాడు. ఒక పేజీ. మెట్ల గురించి ఎక్కువ రాశాడు. హోటల్లో పీత బాలేదనీ, వాళ్లమ్మ మడ పీతని చింతపండు పులుసు పెడితే బావుంటుందనీ రాశాడు. టీచరు ఆ వాక్యం కింద గీత గీసి 'గుడ్' పెట్టింది. ఎలుకల సంగతి ఇంకా రాయలేదు.

ఇప్పుడు రెండో ప్రయాణం మాటలు నడుస్తున్నాయి. కుర్రాళ్లు గుడివాడ సినిమా అంటున్నారు, ఆడవాళ్లు మంగినపూడి అంటున్నారు. ఈసారి వంట మేమే చేసి పట్టుకెళ్లి బీచిలో కూర్చుని తింటారట. అది సరిపోదనీ, మళ్లీ బెజవాడ వెళ్లి అదే హోటల్లో అదే కిటికీ దగ్గర కూర్చోవాలనీ ఆ డిగ్రీ అమ్మాయి పట్టు. మామ్మ ఎక్కడికైనా వస్తానంది గానీ ఈసారి సున్నా టికెట్టు మీద వస్తానంది. అందుకని ఆమెని ఆధార్ సెంటరుకి తీసుకెళ్లాం. గ్రామ పెద్ద సంతకంతో కాగితం తెచ్చాం, ఫొటో దిగింది. వేలిముద్రలు మిషను తీసుకోవడం లేదు. అరవై ఏళ్లు కొక్కెం కర్రా, ఉప్పునీళ్లూ, పీత కాట్లూ కలిసి ఆ వేళ్లని నున్నగా చేసేశాయి. కుర్రాడు చేతికి కొబ్బరినూనె రాసి, తుడిచి, మళ్లీ పెట్టించి చూశాడు. రెండు వేళ్లు పడ్డాయి, ఎనిమిది పడలేదు. సోమవారం పొద్దున పది గంటలకి రమ్మన్నాడు. ఆ పూట పాటు తొమ్మిదికి. మామ్మ దాన్ని వదులుకుంటుందో లేదో ఇంకా చెప్పలేదు.